పరిశోధకులకు ఒకటో తారీఖు ఎప్పుడు?

నేను శాస్త్రవేత్తను కాను. హైదరాబాద్‌లో ఒక జీవవైద్య పరిశోధన సంస్థ అకౌంట్స్ విభాగంలో గుమాస్తాగా చేరి, మూడు దశాబ్దాలు దాటాక సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. మా సంస్థ నుంచి వచ్చిన ఏ పరిశోధన పత్రం మీదా నా పేరు లేదు. ఆ పత్రాల వెనక ఉన్న సీరం సీసాల బిల్లులు, ఎలుకల మేత ఇండెంట్లు, విద్యార్థుల ఫెలోషిప్ క్లెయిములు మాత్రం నా బల్ల మీదుగానే వెళ్లాయి. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడికి కనిపించే సంగతి ఒకటుంది. బడ్జెట్ రోజున మాట్లాడేవాళ్లకు అది కనిపించదు. అందుకే రాస్తున్నాను.

సైన్సుకు నిధుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ 'ఎంత' అన్న చోటే ఆగిపోతుంది. మన దేశం పరిశోధన మీద పెట్టే ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం దగ్గరే ఉండిపోయిందని నిపుణులు విమర్శిస్తారు. పరిశోధన, నవకల్పనలకు లక్ష కోట్ల నిధిని 2025 జులైలో కేబినెట్ ఆమోదించిందని ప్రభుత్వం చెబుతుంది. రెండూ నిజమే. కానీ నా బల్ల దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒక్కరూ ఎంత అని అడగలేదు. "సార్, ఈ నెలైనా పడుతుందా?" అనే అడిగారు. మంజూరైన డబ్బు వేళకు రాకపోవడం పరిశోధకుడి పాలిట కోతతో సమానం. కోత అయితే కనీసం కాగితం మీద కనిపిస్తుంది, ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు. ఆలస్యానికి లెక్కాపత్రం ఉండదు.

పరిశోధక విద్యార్థికి వచ్చేది జీతం కాదు, ఫెలోషిప్. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2014లో నెలకు రూ.25,000 చేశారు, 2019లో రూ.31,000 చేశారు, 2023 జనవరి నుంచి రూ.37,000 ఇస్తున్నారు. రెండేళ్లు నిండి సీనియర్ ఫెలో అయితే రూ.42,000. ఇంటి అద్దె భత్యం అదనం. ప్రావిడెంట్ ఫండ్ లేదు, పింఛను లేదు, బ్యాంకుకు వెళ్తే అప్పు పుట్టదు. "చదువుకుంటూ ముప్పై ఏడు వేలా!" అని ఆశ్చర్యపోయే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. నాలుగు నెలలు ఏమీ రాక, ఐదో నెలలో రెండు నెలల డబ్బు పడి, మిగిలింది 'ప్రాసెస్‌లో ఉంది' అని సమాధానం వస్తే ముప్పై ఏడు వేలు అన్న అంకెతో అద్దె కట్టలేరు.

ఆ డబ్బు వచ్చే దారులు చూడండి. యూజీసీ ఫెలో అయితే ప్రతి నెలా యూనివర్సిటీలో 'మేకర్' అనే ఉద్యోగి పోర్టల్‌లో వివరాలు ఎక్కించాలి, 'చెకర్' అనే మరొకరు ఆమోదించాలి. మేకర్ సెలవు పెడితే నెల జారిపోతుంది. సీఎస్‌ఐఆర్ ఫెలో క్లెయిము ఢిల్లీలో పాస్ కావాలి. ప్రాజెక్టు మీద చేరిన ఫెలో పరిస్థితి ఇంకా సున్నితం. గైడ్ తెచ్చుకున్న గ్రాంటులో మ్యాన్‌పవర్ అనే హెడ్ కింద అతని డబ్బుంటుంది. తరవాతి ఏడాది విడత రావాలంటే గడిచిన ఏడాది యూసీ వెళ్లాలి. యూసీ అంటే ఇచ్చిన సొమ్మును ఇచ్చిన పనికే వాడామని రాసిచ్చే పత్రం. దాంతో పాటు ఖర్చుల పట్టిక, దాని మీద ఆడిటర్ సంతకం. గ్రాంటు ఇచ్చే శాఖలో ఎవరికైనా ఒక అంకె మీద సందేహం వస్తే ఫైలు వెనక్కి వస్తుంది. గ్రాంటు మొత్తం ఆగుతుంది. ఆ గ్రాంటు మీద బతికే మనిషి కూడా ఆగాల్సిందే.

పాలకొండ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి గురించి చెప్పాలి. క్షయ క్రిమి మీద పనిచేసేది. ఆ క్రిమిని ముట్టుకోవాలంటే ప్రత్యేకమైన భద్రత ఉన్న ల్యాబ్‌లోకి వెళ్లాలి. అక్కడ సూటు వేసుకోవడం, చేయి కదపడం, చివరికి చెత్త పారేయడం కూడా నెలల తరబడి నేర్పిస్తారు. ఆ అమ్మాయి నేర్చుకుంది. మూడో ఏడాది విడత కోసం మేం మేలో యూసీ పంపాం. ఆగస్టులో ప్రశ్న వచ్చింది. గ్రాంటు మీద బ్యాంకులో పడిన వడ్డీ లెక్కలో తేడా ఉందట. ఆ తేడా ఒక మధ్యాహ్నం ఖర్చుకు సరిపోయేంత సొమ్ము. సరిచేసి పంపాం. డబ్బు వచ్చేసరికి సంక్రాంతి దాటింది.

ఈలోపు ఆమె తార్నాకలో సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పింది. నా దగ్గరికి ఒకసారే వచ్చి అడిగింది, తరవాత రాలేదు. చెవి దిద్దులు తాకట్టు పెట్టిందని గైడ్ మేడమ్ చెబితే నాకు తెలిసింది. నాన్నకు చెప్పలేదట. చెబితే, "అయిదేళ్ల నుంచి చదువుతూనే ఉన్నావు, ఇంక చాల్లే తల్లీ" అంటాడని భయం. పెళ్లి మాట అప్పటికే ఇంట్లో నడుస్తోంది. ఆ తరవాతి ఏడాది మరోసారి విడత ఆగినప్పుడు ఆమె ఆగలేదు. మాదాపూర్‌లో మెడికల్ కోడింగ్ కంపెనీలో చేరింది. ఇప్పుడు టీమ్ లీడర్, జీతం ఒకటో తారీఖునే పడుతుంది. ఆమె బాగానే ఉంది, ఆమె గురించి నాకు దిగుల్లేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఆ క్రిమితో పనిచేయడం చేతికి వచ్చిన ఒక మనిషిని చిన్న వడ్డీ తేడా కోసం పోగొట్టుకున్నాం. దిగులు అందుకు.

రోడ్డు పని ఆగితే కంకర అక్కడే ఉంటుంది, డబ్బు వచ్చాక మళ్లీ మొదలుపెట్టవచ్చు. జీవవైద్య పరిశోధన అలా ఆగదు. ల్యాబ్‌లో పెంచే కణాలకు రెండు మూడు రోజులకోసారి కొత్త ద్రవం పోయాలి. ఆ ద్రవంలో కలిపే సీరం దూడ పిండాల రక్తం నుంచి తీస్తారు. ఒక బ్యాచ్‌కీ మరో బ్యాచ్‌కీ గుణం మారుతుంది. కాబట్టి పరిశోధకులు ఒక బ్యాచ్‌ను పరీక్షించి, పని చివరిదాకా అదే కావాలని ఒకేసారి తెప్పించుకుంటారు. డబ్బు లేక సగమే కొంటే, మిగతా సగం కొనేసరికి ఆ బ్యాచ్ ఉండదు. అప్పుడు పాత ఫలితాన్నీ కొత్త ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చలేరు. ద్రవ నత్రజని డబ్బాలు వారం వారం నింపించాలి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ చెడితే మెకానిక్ అదే రోజు రావాలి. పాత బిల్లు బాకీ ఉన్న చోటికి మెకానిక్ రాడు.

ఎలుకల సంగతి మరీ కష్టం. ఒక జన్యువు తీసేసిన ఎలుకల సంతతిని తయారుచేసుకోవడానికి తరాలకు తరాలు పెంచాలి. ముసలితనం మీద ప్రయోగం చేయాలంటే ఎలుకకు రెండేళ్లు నిండేదాకా ఆగాలి. మేతకు, పరుపుకు డబ్బు లేదంటే కాలనీ తగ్గించమంటారు. తగ్గించడమంటే చంపడం. అలాంటి ఒక కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక గైడ్ నా ఎదుట కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాట్లు పడ్డాక కాలువ కట్టేసి, కోతల వేళకు నీళ్లు వదిలితే ఆ నీళ్లను లెక్కలో చూపించవచ్చు గానీ పంట రాదు. మార్చి 20న వచ్చే గ్రాంటు అలాంటిదే. పది రోజుల్లో ఖర్చు పెట్టాలి. ఆ పది రోజుల్లో ఏది దొరికితే అది కొంటారు, కావలసింది కొనరు. ఏప్రిల్ 1న మళ్లీ ఖాళీ.

ఇక్కడ ప్రభుత్వం వైపు మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నేను ఆ వైపు కూర్చున్నవాడినే. ఒకప్పుడు గ్రాంటు సొమ్ము సంస్థల ఖాతాల్లో ఏళ్ల తరబడి పడి ఉండేది. ఒకపక్క ప్రభుత్వం వడ్డీకి అప్పు తెస్తూ, మరోపక్క ఖాతాల్లో సొమ్ము నిద్రపోతుంటే ఆర్థిక శాఖకు కోపం రావడం న్యాయమే. 2022లో కొత్త పద్ధతి తెచ్చారు. సంస్థ ఖాతాలో సొమ్ము నిలవ ఉండదు. ఇంతవరకు వాడుకోవచ్చని పరిమితి ఇస్తారు, ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి వాడనిది పోతుంది. లెక్క శుభ్రంగా ఉంటుంది. అకౌంట్స్ మనిషిగా నాకది నచ్చింది. అయితే పాత పద్ధతిలో ఆ నిలవ సొమ్ము వల్లే ఫెలోషిప్ ఆలస్యమైన నెలల్లో పిల్లలకు అడ్వాన్సు దొరికేది. ఆ వెసులుబాటు తీసేసినప్పుడు దాని స్థానంలో మరొకటి పెట్టాలి. పెట్టలేదు. సంస్థ సొంత సొమ్ములోంచి ఇవ్వవచ్చు కదా అంటారు. ఇచ్చిన అధికారి మీద ఆడిట్ అభ్యంతరం పడుతుంది, రిటైరయ్యే రోజున పింఛను ఫైలుకు అది అడ్డు వస్తుంది. ఆ భయం నాకూ ఉండేది. అందుకే ఎవరూ ఇవ్వరు.

2024–25లో కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ పథకం ఫెలోలు నెలల తరబడి డబ్బు అందక బహిరంగంగా మొరపెట్టుకున్నారు. ఇన్‌స్పైర్ ప్రధానంగా వచ్చేది యూనివర్సిటీ మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాళ్లకు. దేశం పిలిచి మరీ రమ్మన్న పిల్లలకే ఆ గతి పట్టింది.

ఆలస్యం ఒక్కటే కాదు, కుదుపులూ ఉన్నాయి. 2024 జులై 23 బడ్జెట్‌లో ల్యాబ్ రసాయనాల మీద కస్టమ్స్ సుంకాన్ని 10 శాతం నుంచి ఒక్కసారిగా 150 శాతానికి పెంచారు. దుర్వినియోగం ఆపడానికట. శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టాక ఆగస్టు మొదట్లో పరిశోధనకు వాడేవాటికి మళ్లీ 10 శాతం చేశారు. కొద్ది రోజులే కదా అనిపిస్తుంది. ఆ కొద్ది రోజుల్లో సప్లయర్లు కొటేషన్లు వెనక్కి తీసుకుంటే, మళ్లీ కొటేషన్ తెప్పించి, కమిటీ కూర్చుని, ఆర్డరు పెట్టి, విదేశం నుంచి మంచులో పెట్టిన పార్సెల్ వచ్చేసరికి ఎంత కాలం పడుతుందో ఇండెంట్లు చూసినవాడికి తెలుస్తుంది.

ఈ కాలమంతా విద్యార్థి ఖాతాలోంచే పోతుంది. ఈ విషయం బయటివాళ్లకు అసలు తెలియదు. ఫెలోషిప్ గడువు ఐదేళ్లు. ఆ లెక్క చేరిన తేదీ నుంచి మొదలవుతుంది. డబ్బు వచ్చిందా, సీరం వచ్చిందా, ఎలుకలు పుట్టాయా అన్నదాంతో దానికి సంబంధం లేదు. ప్రభుత్వం ఎనిమిది నెలలు ఆలస్యం చేస్తే ఆ ఎనిమిది నెలలూ విద్యార్థివే. ఐదేళ్లు నిండగానే ఫెలోషిప్ ఆగుతుంది, థీసిస్ మాత్రం పూర్తి కాదు. ఆరో ఏడాది చేతిలో పైసా లేకుండా రాసుకోవాలి. ఇంట్లో ఆసరా ఉన్నవాళ్లు రాస్తారు. మా సంస్థలో ఆరో ఏడాది మధ్యలో మానేసినవాళ్లను నేను ఒకరొకరుగా గుర్తు తెచ్చుకుంటే, ఎక్కువమంది వాళ్ల ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లు, వాళ్లలోనూ ఎక్కువమంది ఆడపిల్లలు. వాళ్ల బుర్రల్లో లోటేమీ లేదు.

ఏళ్ల తరబడి ఆగకుండా కొనసాగిన పనుల విలువ కూడా చూడాలి. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో గాయిటర్ (గొంతువాపు) మీద ఒక అధ్యయనం మొదలుపెట్టారు. లోయను మూడు మండలాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్య మండలానికి మామూలు ఉప్పు ఇచ్చారు. ఆరేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న చోట గొంతువాపు బాగా తగ్గింది. అప్పుడు మధ్య మండలానికీ అదే ఉప్పు ఇచ్చి మరో ఆరేళ్లు చూశారు. అక్కడా తగ్గింది. ఈ రోజు మన వంటింట్లో అయోడిన్ ఉప్పు ఉండటానికి ఆ లోయ ఒక పెద్ద సాక్ష్యం. పన్నెండేళ్లలో ఏ ఒక్క ఏడాది ఉప్పు బస్తాలకు డబ్బు ఆగినా ఆ సాక్ష్యం చెదిరిపోయేది.

అంత దూరం ఎందుకు, హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1987–90 మధ్య గర్భిణులకు, చిన్న పిల్లలకు పోషకాహారం ఇచ్చి చూశారు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అప్పుడు పుట్టిన పిల్లల్ని 2003 నుంచి మళ్లీ వెతికి పట్టుకుని, కౌమారంలో ఒకసారి, పెద్దయ్యాక మరోసారి రక్తనాళాలు, ఎముకలు పరీక్షించారు. కడుపులో ఉన్నప్పుడు తిన్న తిండికీ నడివయసులో వచ్చే గుండె జబ్బుకూ సంబంధం ఏమిటో తెలియాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు. ఊళ్లో తలుపు తట్టే ఫీల్డ్ వర్కర్ జీతం ఆరు నెలలు ఆగితే ఆ మనిషి పోతాడు. అతని వెంటే ఊళ్లో నమ్మకమూ పోతుంది. తరవాత వచ్చే కొత్తవాడికి ఎవరూ రక్తం ఇవ్వరు.

ఇన్నేళ్లూ మన పిల్లలకు ఒక ఊరట ఉండేది. ఎలాగో పీహెచ్‌డీ ముగిస్తే అమెరికాలో పోస్ట్‌డాక్ దొరుకుతుందని. మా సంస్థలో చదివినవాళ్లు బోస్టన్, హ్యూస్టన్, బాల్టిమోర్‌లలో ఉన్నారు, పండగలకు ఫోన్ చేస్తారు. 2025లో ఆ ఫోన్ల స్వరం మారింది. ఏటా దాదాపు 47 బిలియన్ డాలర్లు ఖర్చుపెట్టే అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ, ఎన్‌ఐహెచ్, జనవరిలో గ్రాంట్ల సమీక్ష సమావేశాలు ఆపేసింది. ఫిబ్రవరి 7న యూనివర్సిటీలకు ఇచ్చే నిర్వహణ ఖర్చులను 15 శాతానికి కుదిస్తామని ప్రకటించింది. కోర్టు దాన్ని ఆపింది. ఈలోపు వందల గ్రాంట్లు మధ్యలో రద్దయ్యాయి. మసాచుసెట్స్‌లో ఒక వైద్య విశ్వవిద్యాలయం పీహెచ్‌డీలో సీటిచ్చిన విద్యార్థులకు ఆ ఆఫర్లు వెనక్కి తీసుకుంది. రద్దయిన గ్రాంట్లు కొన్ని కోర్టు తీర్పులతో తిరిగి వచ్చాయి, ఆగస్టులో సుప్రీంకోర్టు రద్దుల వైపు మొగ్గింది. ఎన్‌ఐహెచ్ గ్రాంటు మీద జీతం తీసుకునే మన పిల్లలకు దీని అర్థం వేరు. గ్రాంటు పోతే ఉద్యోగం పోతుంది. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోయాక మరొకటి వెతుక్కోవడానికి ఇచ్చే గడువు 60 రోజులు. ఒక ల్యాబ్‌లో పోస్ట్‌డాక్ ఎంపిక జరగడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము అన్నారు. ఏ గైడ్ కడతాడు?

ఇది మనకు మంచి అవకాశం, మేధావులు తిరిగి వస్తారు అని రాసినవాళ్లున్నారు. విదేశాల నుంచి శాస్త్రవేత్తల్ని తిరిగి రప్పించడానికి బయోటెక్నాలజీ శాఖ ఇచ్చే ఫెలోషిప్‌కు రామలింగస్వామి పేరే పెట్టారు. మంచి పథకం. కానీ వచ్చేవాళ్లు ముందు ఇక్కడి జూనియర్లకు ఫోన్ చేసి అడుగుతారు. "అక్కడ గ్రాంటు సరిగ్గా పడుతోందా తమ్ముడూ?" అనే అడుగుతారు. దానికి నిజం చెప్పే జూనియర్ ఏమంటాడో మనకు తెలుసు.

చేయవలసింది పెద్ద పనేమీ కాదు. ఫెలోషిప్‌ను గ్రాంటు నుంచి విడదీయాలి. యూసీ మీద సందేహం ఉంటే గైడ్‌ను, సంస్థను, నాలాంటి వాళ్లను అడగండి, విద్యార్థి తిండి ఆపకండి. ముందు ఒకటో తారీఖున డబ్బు వేసి, లెక్కలు తరవాత తేల్చుకోవచ్చు. ప్రభుత్వం తన ఉద్యోగులకు చేస్తున్నది అదే కదా. నిధులు ఆలస్యమైన ప్రతి నెలకూ ఫెలోషిప్ గడువు ఒక నెల పెరగాలి, విద్యార్థి అర్జీ పెట్టుకోనక్కరలేకుండానే. ఎలుకలు, కణాలు, ఫ్రీజర్లు, ఊళ్లో రోగుల్ని చూసే సిబ్బంది, ఇలా ఆపడానికి వీల్లేని ఖర్చుల కోసం ప్రతి సంస్థలో ఒక తిరుగు నిధి ఉండాలి. గ్రాంటు రాగానే అందులో తిరిగి జమచేస్తారు. దాన్ని వాడిన అధికారిని ఆడిట్ తప్పుపట్టకూడదని నిబంధనలోనే రాయాలి. ఆ ఒక్క వాక్యం ఉంటే నేను మేలోనే సంతకం పెట్టి, పాలకొండ అమ్మాయికి డబ్బు ఇచ్చేవాణ్ని.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీలో నమూనాలు పరీక్షించిన చేతుల్లో పరిశోధక విద్యార్థుల చేతులూ ఉన్నాయి. ఆ రోజు అవసరానికి ఆ చేతులు దొరికాయంటే, అంతకుముందు ఏళ్లపాటు ఎవరో వాళ్లకు ఫెలోషిప్ ఇచ్చి పని నేర్పించారు కాబట్టే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి లోక్‌సభలో 42 మంది సభ్యులున్నారు. పార్టీ ఏదైనా సరే, వాళ్లలో ఒక్కరైనా వచ్చే సమావేశాల్లో ఈ ప్రశ్న వేయాలని కోరుతున్నాను: గత నెల ఒకటో తారీఖున దేశంలో ఎంతమంది పరిశోధకులకు ఫెలోషిప్ పడలేదు, ఎన్ని నెలలుగా పడలేదు, ఏ శాఖలో ఎంతమంది? జవాబును శాఖలవారీగా సభ ముందు పెట్టించండి. ప్రతి మూడు నెలలకూ మళ్లీ అడగండి.